బంగాళాఖాతంలో తుపాను, చేతిలో వైజాగ్ టికెట్లు: ప్రయాణం కట్టాలా, మానాలా?

దసరా సెలవులు, దీపావళి, కార్తీక మాసం, క్రిస్మస్. హైదరాబాద్ నుంచి కుటుంబాలు సముద్రం వైపు బయల్దేరే రోజులన్నీ బంగాళాఖాతం కుదురుగా ఉండని రోజులే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక తుపానుల కాలం, ఏప్రిల్, మే నెలల్లో ఇంకొకటి. కూకట్‌పల్లిలో ఎండ కాస్తూనే ఉంటుంది, టీవీలో మాత్రం సుడి తిరుగుతూ కనిపిస్తుంది. ఇంట్లో సగం మంది "ఏం కాదులే, పోదాం" అంటారు, మిగతా వాళ్లు "ఇప్పుడు ఎందుకొచ్చిన తంటా" అంటారు. ఎవరి దగ్గరా లెక్క ఉండదు. ఆ లెక్క వేసే పద్ధతి ఇది. వైజాగ్, అరకు, పూరీ, తిరుపతి, చెన్నై, పుదుచ్చేరి, అండమాన్, ఎటు వెళ్తున్నా పనికొస్తుంది.

చాలామంది అక్కడ వాన పడుతుందా లేదా అని చూసి ఊరుకుంటారు. వానలో రెండు రోజులు హోటల్ గదిలో కూర్చుంటే పోయేదేం లేదు. తిరుగు దారి మూసుకుపోతేనే చిక్కు. అందుకే ప్రతి మెట్టులోనూ "అనుకున్న రోజుకు ఇల్లు చేరగలమా" అనేదే ముందు చూడండి.

1. ముందు గడువులు కాగితం మీద పెట్టండి

వాతావరణ మ్యాప్ తెరవడానికి ముందే చేయాల్సిన పని ఇది. హోటల్ ఉచితంగా రద్దు చేసుకోవడానికి ఆఖరి రోజు, ఆఖరి గంట. రైలు టికెట్‌కు కోత పెరిగే గంటలు. విమానం తేదీ మార్చుకోవడానికి చార్జీ ఎంత, ఎప్పటిలోగా. క్యాబ్‌కు ఇచ్చిన అడ్వాన్సు. దర్శనం టికెట్లు ఉంటే వాటి తేదీ. అన్నీ వరసగా రాస్తే అందులో అన్నిటికంటే ముందు వచ్చే గడువు ఏదో తేలుతుంది. అదే మీరు మొదటి నిర్ణయం తీసుకోవాల్సిన సమయం.

సాధారణంగా అది హోటల్‌దే. శనివారం మధ్యాహ్నం 12కు చెక్-ఇన్, 72 గంటల ముందు దాకా ఉచిత రద్దు అంటే బుధవారం మధ్యాహ్నం. అప్పటికి సముద్రంలో ఉన్నది వాయుగుండమే కావచ్చు, దారి కూడా తేలకపోవచ్చు. అందుకే మంగళవారమే హోటల్‌కు ఫోన్ చేసి డబ్బు వెనక్కి అడగకుండా తేదీ మార్పు అడగండి. డబ్బు తిరిగివ్వడానికి వెనకాడే మేనేజర్లు కూడా తేదీ మార్చడానికి త్వరగా ఒప్పుకుంటారు. మాట అయ్యాక "మీరు చెప్పినట్టు ఫలానా తేదీ దాకా మార్చుకోవచ్చు కదా" అని వాట్సాప్‌లో రాసి, అవును అనిపించుకోండి. ఫోన్లో ఇచ్చిన మాట డ్యూటీ మారగానే ఎవరికీ గుర్తుండదు.

2. పేరు వెనక గాలి ఎంతో తెలుసుకోండి

వాతావరణ శాఖ వాడే ప్రతి పేరుకూ ఒక గాలి వేగం ఉంది. గంటకు 31 కి.మీ. లోపు అయితే అల్పపీడనం. 31 నుంచి 49 దాకా వాయుగుండం. 50 నుంచి 61 తీవ్ర వాయుగుండం. 62 దాటితేనే తుపాను, అప్పుడే దానికి పేరు పెడతారు. 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. 222 దాటితే సూపర్ సైక్లోన్.

ఈ మెట్లు గాలికి మాత్రమే కొలత, వానకు కావు. ప్రయాణం కట్టేవాళ్లు ఇక్కడే ఎక్కువగా దెబ్బతింటారు. "తుపాను కాదుగా, వాయుగుండమేగా" అని బయల్దేరతారు. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటింది తీవ్ర వాయుగుండమే. ఆ రాత్రి హైదరాబాద్ మునిగింది. గగన్‌పహాడ్ దగ్గర చెరువు తెగి, ఎయిర్‌పోర్టుకు వెళ్లే బెంగళూరు హైవే కొట్టుకుపోయింది. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి ప్రాంతంలో కళింగపట్నం దగ్గర తీరం దాటిందీ తుపాను కాదు. దానికే విజయవాడలో బుడమేరు, ఖమ్మంలో మున్నేరు ఊళ్ల మీద పడ్డాయి. 2021 నవంబరులో తిరుపతిని ముంచిందీ వాయుగుండమే.

అందుకని గాలి అంకెతో పాటు వాన అంకె కూడా చూడాలి. 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. జిల్లాలవారీ హెచ్చరికల రంగులు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే ఇక జాగ్రత్త చర్యలు మొదలుపెట్టమని.

టీవీ స్క్రోలింగ్‌లో వచ్చే "ఓడరేవుల్లో ఒకటో నంబరు హెచ్చరిక" చూసి కంగారు పడకండి. అది సముద్రంలో దూరంగా వాయుగుండం ఉందని ఓడలకు చెప్పే గుర్తు. మూడో నంబరు వస్తే ఆ రేవులోనే ఈదురుగాలులు రావచ్చని. 5, 6, 7 ప్రమాద సూచనలు, 8, 9, 10 పెను ప్రమాద సూచనలు. మీరు వెళ్లే ఊరి రేవులో ఐదు దాటిందంటే ఇక చర్చ అనవసరం, ప్రయాణం మానండి.

3. బులెటిన్ చదవడం

వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో గానీ మౌసమ్ యాప్‌లో గానీ తుపాను బులెటిన్ దొరుకుతుంది. తుపానుగా మారాక ప్రతి మూడు గంటలకు ఒకటి ఇస్తారు. ఉదయం 5.30, 8.30, 11.30 అలా పరిశీలన సమయం పైన రాసి ఉంటుంది. వాట్సాప్‌లో మీకొచ్చిన బొమ్మ మీద ముందు ఆ సమయమే చూడండి. నిన్నటి బొమ్మలు ఇవాళ కూడా తిరుగుతూనే ఉంటాయి.

బులెటిన్‌లో మీకు కావాల్సినవి నాలుగే: ఇప్పుడు ఎక్కడుంది, గంటకు ఎన్ని కిలోమీటర్లు కదులుతోంది, ఎక్కడ, ఎప్పుడు తీరం దాటుతుంది, దాటేటప్పుడు గాలి ఎంత.

మ్యాప్ మీద మధ్య గీత చుట్టూ గరాటులా వెడల్పయ్యే ప్రాంతం ఉంటుంది. సుడి కేంద్రం ఆ ప్రాంతంలో ఎటైనా పోవచ్చని అర్థం. అందరూ మధ్య గీత ఏ ఊరి మీదుగా పోతోందో చూస్తారు, అది తప్పు. ఒక రోజు ముందు చెప్పే అంచనాలో సగటు తేడా వంద కిలోమీటర్ల లోపే ఉంటోంది, కానీ మూడు రోజుల ముందు అంచనాలో అది నూటయాభై అటూఇటూ ఉంటుంది. కాకినాడ నుంచి విశాఖకు నేరుగా కొలిస్తే దాదాపు 130 కిలోమీటర్లే. అంటే మూడు రోజుల ముందు "కాకినాడ దగ్గర తీరం దాటుతుంది" అన్న మాటను వైజాగ్ వెళ్లేవాళ్లు "మా ఊరి దగ్గరే" అని చదువుకోవాలి. పైగా ఆ గరాటు కేంద్రం దారిని మాత్రమే చూపిస్తుంది. వాన, గాలి దాని బయట కూడా వందల కిలోమీటర్ల దాకా ఉంటాయి.

తరవాత, ఏ పక్కన ఉన్నారో చూడండి. మన అర్ధగోళంలో తుపాను చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. కాబట్టి అది కదిలే దిశకు కుడి పక్కన గాలి సముద్రం నుంచి నేల మీదికి తోస్తుంది, ఉప్పెన వచ్చేది అటే. వాయవ్యంగా కదులుతూ కోస్తాను తాకే తుపానుకు కుడి పక్క అంటే తీరం దాటిన చోటుకు ఉత్తరంగా, ఈశాన్యంగా ఉన్న ఊళ్లు. ఒడిశాలో తీరం దాటేదానికి వైజాగ్ ఎడమ పక్కన ఉంటుంది. కాకినాడ దగ్గర దాటేదానికి అదే వైజాగ్ కుడి పక్కన పడుతుంది. దూరం ఒకేలా ఉన్నా ఈ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది.

మూడోది వేగం. నెమ్మదిగా కదిలేది, లేదా తీరం వెంబడి పైకి పాకేది అన్నిటికంటే ఇబ్బంది పెడుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. కానీ అంతకుముందే తీరాన్ని ఆనుకుని పైకి వస్తూ, అక్కడికి 300 కి.మీ. పైచిలుకు దూరంలో ఉన్న చెన్నైని ముంచేసింది. డిసెంబరు 4న చెన్నై విమానాశ్రయం మూతపడింది. 2024 నవంబరు 30న పుదుచ్చేరి దగ్గర తీరం దాటిన ఫెంగల్ అక్కడే గంటల తరబడి కదలకుండా నిలబడి కుమ్మరించింది. బులెటిన్‌లో "దాదాపు నిశ్చలంగా ఉంది" అన్న మాట కనిపిస్తే గాలి వేగం తక్కువగా ఉన్నా సరే భయపడాల్సిందే.

విండీ లాంటి యాప్‌లలో యూరప్ మోడల్, అమెరికా మోడల్ (కంప్యూటర్లు వేసే వాతావరణ అంచనాలు) పక్కపక్కన పెట్టి చూడొచ్చు. తీరం దాటే చోటు రెండింటిలోనూ దగ్గరదగ్గరగా ఉంటే అంచనా కుదురుకుంటోందని అర్థం. రెండింటి మధ్యా 200 కిలోమీటర్లకు పైగా తేడా ఉంటే ఇంకా ఎవరికీ తెలియదని అర్థం. అలాంటప్పుడు వీలైతే పన్నెండు గంటలు ఆగి మళ్లీ చూడండి. మోడల్స్ ఆ ఒక్కదానికే వాడుకోండి. హెచ్చరిక ఏ స్థాయిలో ఉందన్నది మాత్రం వాతావరణ శాఖ చెప్పిందే పట్టించుకోవాలి.

సముద్రం విషయానికి మన ఊళ్లోనే మంచి ఆధారం ఉంది. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ దేశం మొత్తానికీ అలల ఎత్తు, ఉప్పెన హెచ్చరికలు ఇస్తుంది. తుపాను ఎక్కడో దూరాన ఉన్నా బీచ్ దగ్గర అలలు ఎగసిపడే రోజులుంటాయి, ఆ సంగతి వాళ్ల వెబ్‌సైట్‌లో జిల్లాలవారీగా కనిపిస్తుంది.

4. ఊరు కాదు, దారి మొత్తం చూడండి

హైదరాబాద్ నుంచి వైజాగ్ రైళ్లకు ప్రధానంగా రెండు దారులు. ఒకటి కాజీపేట, వరంగల్, ఖమ్మం మీదుగా, ఇంకొకటి నల్గొండ, గుంటూరు మీదుగా. ఈ రెండూ విజయవాడలో కలిసిపోతాయి. అక్కడి నుంచి ఏలూరు, రాజమండ్రి, సామర్లకోట మీదుగా ఒకటే లైను. అంటే వైజాగ్‌లో ఎండ కాస్తున్నా విజయవాడ దగ్గర నీళ్లొస్తే మీరు చేరలేరు. చేరినవాళ్లు తిరిగి రాలేరు.

2024 సెప్టెంబరు 1న సరిగ్గా ఇదే జరిగింది. మహబూబాబాద్ జిల్లా కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. అదే సమయంలో 65వ నంబరు జాతీయ రహదారి మీద నందిగామ దగ్గర ఐతవరం వద్ద నీళ్లు పొంగి విజయవాడ రోడ్డు మూసుకుపోయింది. రైలూ లేదు, రోడ్డూ లేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటాక మర్నాడు వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి, డోర్నకల్ స్టేషన్‌లో పట్టాలు నీళ్లలో మునిగి రైళ్లు నిలిచిపోయాయి. తీరం దాటిన మర్నాడు వాన తెలంగాణ మీదికి రావడం మామూలే. మీ తిరుగు ప్రయాణం ఆ రోజు పడిందేమో చూసుకోండి.

కాబట్టి రంగుల మ్యాప్‌లో గమ్యం ఒక్కటే కాకుండా సూర్యాపేట, మహబూబాబాద్, ఖమ్మం, ఎన్టీఆర్, ఏలూరు, తూర్పు గోదావరి, కాకినాడ, అనకాపల్లి జిల్లాలు కూడా చూడాలి. తెలంగాణ జిల్లాల వివరం బేగంపేట వాతావరణ కేంద్రం పేజీలో, ఆంధ్ర జిల్లాలది అమరావతి కేంద్రం పేజీలో ఉంటుంది. రెండూ తెరవాలి. ఒక్కటి చూసి సగం దారే చూసినవాళ్లు చాలామంది.

రైలు నడుస్తోందో లేదో తెలియడానికి రైల్వే వాళ్ల ఎన్‌టీఈఎస్ యాప్, 139 నంబరు. రద్దయినవి, దారి మళ్లించినవి, మధ్యలోనే ఆపేసేవి వేరువేరు జాబితాలుగా ఉంటాయి, మూడూ చూడండి. మీ రైలు రద్దు జాబితాలో లేదని మురిసిపోయి దారి మళ్లించిన జాబితా చూడకపోతే మీరు ఎక్కే స్టేషనే రాకపోవచ్చు.

కారులో అయితే ఒకటే నియమం: పారే నీళ్లలోకి బండి దింపకండి. అడుగు లోతు నీళ్లు చిన్న కారును తేల్చేస్తాయి, రెండడుగులు చాలా వాహనాలను ఈడ్చుకుపోతాయి. నీళ్ల కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి కనిపించదు. విజయవాడ దాకా 275 కిలోమీటర్లు, అక్కడి నుంచి వైజాగ్ ఇంకో 350. ఇంత దూరం తుపాను రోజుల్లో రాత్రిపూట నడపాలనుకుంటే ఆ ప్రయాణం మానడమే మంచిది.

విమానం అయితే రోడ్డు బాధ తప్పుతుంది, కానీ గాలి పక్కనుంచి బలంగా కొట్టినా, రన్‌వే కనిపించకపోయినా పైలట్ దించకుండా వెనక్కి తిప్పుతాడు. మీ విమానం అంతకుముందు ఎక్కడి నుంచి రావాలో ఫ్లైట్‌రాడార్ లాంటి యాప్‌లో చూడండి. చెన్నై నుంచి వచ్చే విమానమే మిమ్మల్ని తీసుకెళ్లాల్సి ఉంటే, చెన్నైలో వాన మీకూ వానే. ఇక్కడ శంషాబాద్ చేరడం కూడా లెక్కలో వేయండి. నగరంలో కుండపోత ఉంటే ఆరాంఘర్ వైపు కాకుండా ఔటర్ మీదుగా, మామూలుకంటే గంటన్నర ముందు బయల్దేరండి.

5. ఎలాంటి చోటికి వెళ్తున్నారు

దీవులు, పడవలు: అన్నిటికంటే ముందు ఆగేవి ఇవే. అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) నుంచి హేవ్‌లాక్, నీల్ దీవులకు వెళ్లే ఫెర్రీలు తుపాను రాకముందే, గాలి పెరగగానే ఆగిపోతాయి. 2016 డిసెంబరులో హేవ్‌లాక్‌లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు వెళ్లాల్సి వచ్చింది. తిరుగు విమానానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేలా చూసుకోండి, సముద్రంలో సుడి కనిపిస్తుంటే రెండు రాత్రుల ముందే రండి. పాపికొండల లాంచీలు గోదావరి పొంగితే ఆపేస్తారు. ఎవరైనా "మేం తీసుకెళ్తాం" అన్నా ఎక్కకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగింది వరద గోదావరిలోనే.

ఘాట్లు: అరకు రైలు, రోడ్డు రెండూ కొండ అంచునే పోతాయి. మన్యంలో రెండు రోజులు ఎడతెగని వాన పడితే బండరాళ్లు జారి లైను మూతపడుతుంది. వైజాగ్ సురక్షితంగా ఉన్నా అరకు మానుకోవాల్సిన రోజులు ఉంటాయి. తిరుమల ఘాట్ రోడ్డు మీద కూడా 2021 డిసెంబరు 1న బండలు పడ్డాయి. 300 రూపాయల దర్శనం టికెట్‌కు డబ్బు వెనక్కి రాదు, అందుకే చాలామంది మొండిగా బయల్దేరతారు. నలుగురికి 1,200 రూపాయలు పోతాయని పిల్లల్ని తీసుకుని రాళ్లు జారే దారిలోకి వెళ్లడం ఏ విధంగానూ సరికాదు. టీటీడీ ప్రకటనలు చూస్తుండండి, దర్శనం మళ్లీ దొరుకుతుంది.

బీచ్ ఊళ్లు: ఇక్కడ సమస్య కరెంటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు విమానాశ్రయం పైకప్పు ఊడింది, కరెంటు, ఫోన్లు, పెట్రోలు అన్నీ రోజుల తరబడి లేవు. హోటల్‌ను ఈ ప్రశ్నలు అడగండి: జనరేటర్ ఎన్ని గంటలు నడుస్తుంది, దానికి డీజిల్ నిల్వ ఉందా, లిఫ్టుకూ నీళ్ల మోటారుకూ జనరేటర్ కనెక్షన్ ఉందా, గది సముద్రం వైపు అద్దాలదా. నడవలేని పెద్దవాళ్లు ఉంటే లిఫ్ట్ సంగతే ముందు అడగాలి.

6. రోజులవారీగా ఎప్పుడు ఏం తేల్చుకోవాలి

ఒక ఉదాహరణ తీసుకుందాం. శుక్రవారం సాయంత్రం సికింద్రాబాద్‌లో రైలు, సోమవారం రాత్రి వైజాగ్ నుంచి తిరుగు ప్రయాణం. మంగళవారం ఉదయం బులెటిన్‌లో "వాయుగుండం ఏర్పడింది, తుపానుగా మారి శనివారం రాత్రి ఆంధ్ర తీరం దాటొచ్చు" అని ఉంది.

మంగళవారం రద్దు చేయొద్దు. హోటల్‌తో తేదీ మార్పు మాట్లాడండి, కొత్తగా డబ్బు కట్టాల్సినవి ఆపేయండి.

బుధవారం ఉదయం 8.30 పరిశీలన బులెటిన్ మధ్యాహ్నం లోగా వస్తుంది. వైజాగ్ ఇంకా గరాటు లోపలే ఉంటే, లేదా దానికి కుడి పక్కన ఉంటే హోటల్ మార్చేయండి. దారి ఒడిశా వైపు పైకి జరిగి, విజయవాడ నుంచి వైజాగ్ దాకా జిల్లాలు పసుపు రంగు దాటకపోతే ఉంచుకోండి. నెల్లూరు వైపు కిందికి జరిగితే తొందరపడకండి. వైజాగ్‌లో గాలి పెద్దగా ఉండకపోవచ్చు, కానీ తీరం దాటాక వాన కృష్ణా, ఖమ్మం మీదికి ఎక్కుతుందేమో గురువారం మళ్లీ చూడాలి.

గురువారానికల్లా వాతావరణ శాఖ తీర ప్రాంతాలకు ఇచ్చే హెచ్చరిక స్థాయి కూడా తెలుస్తుంది. ఇది పైన చెప్పిన జిల్లాల రంగులకు వేరు, నాలుగు మెట్లుగా ఉంటుంది. గాలివానలు మొదలవడానికి 72 గంటల ముందు ముందస్తు సూచన, 48 గంటల ముందు పసుపు రంగు అలర్ట్, 24 గంటల ముందు నారింజ వార్నింగ్, తీరం దాటడానికి 12 గంటల ముందు ఎరుపు. మీ గమ్యానికి పసుపు అలర్ట్ వచ్చి, తీరం దాటే సమయం మీ ప్రయాణానికి ఒక రోజు అటూఇటూగా ఉంటే ప్రయాణం మానండి. నారింజ దాకా చూద్దాం అనుకుంటే అప్పటికే రైళ్లు రద్దవుతుంటాయి, బస్సులు ఆగుతుంటాయి.

అల్పపీడనం స్థాయిలో ఉండి, దారంతా పసుపు లోపే ఉండి, వెళ్లేది ఘాటూ దీవీ కాకపోయి, తిరిగొచ్చాక ఆఫీసుకు ఒక రోజు వెసులుబాటు ఉంటే నిశ్చింతగా వెళ్లొచ్చు. నాలుగింటిలో ఒకటి తప్పినా ఆలోచించాలి, రెండు తప్పితే మానాలి. నెలలు నిండిన గర్భిణి, డయాలిసిస్ అవసరమైనవాళ్లు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు, పసిపిల్లలు వెంట ఉంటే ఒక్క నారింజ జిల్లా దారిలో ఉన్నా ఆగిపోండి. వాళ్లకు ఒక రోజు ఆలస్యం కూడా చిన్న విషయం కాదు.

సెలవులు వృథా అవుతాయనుకుంటే దిక్కు మార్చండి. తుపాను కోస్తా మీద ఉన్నప్పుడు బీదర్, హంపి, బాదామి వైపు చాలాసార్లు మామూలు వాతావరణమే ఉంటుంది. తీరం దాటాక అది పడమటికి వస్తోందేమో మాత్రం బులెటిన్‌లో చూసుకోండి.

7. డబ్బు పోకుండా రద్దు చేయడం

ఇంట్లో కూర్చుని మానుకుంటున్నప్పుడు రైలు, విమానం టికెట్లను తొందరపడి మీరే రద్దు చేయకండి. మీరు రద్దు చేస్తే కోత. రైల్వే తానే రైలును రద్దు చేస్తే పూర్తి డబ్బు, ఈ-టికెట్ అయితే ఏ దరఖాస్తూ లేకుండా అదే ఖాతాలోకి వస్తుంది. బయల్దేరే ముందు రోజు దాకా రద్దు జాబితా కోసం ఆగడం చాలాసార్లు లాభమే. రైలు నడుస్తుందని ఖాయంగా తెలిశాక, కోత పెరిగే గడువుకు ముందు రద్దు చేసుకోండి.

రైలు మీ స్టేషన్‌కు మూడు గంటలకు మించి ఆలస్యమై మీరు ఎక్కకపోతే కూడా పూర్తి డబ్బు వస్తుంది, కానీ ఆ రైలు కదలకముందే ఐఆర్‌సీటీసీలో టీడీఆర్ (డబ్బు వాపసు కోరే దరఖాస్తు) వేయాలి. దారి మళ్లించిన రైలు వద్దనుకున్నా టీడీఆరే మార్గం, దానంతటది రాదు. ఇంకో చిక్కు ఉంది. వెళ్లే రైలు రద్దయినంత మాత్రాన వచ్చే రైలు టికెట్ రద్దు కాదు. దాని పీఎన్ఆర్ వేరు, అది మీరే చేసుకోవాలి. అరకు అద్దాల బోగీ టికెట్ కూడా అంతే. మొదటి రైలు డబ్బు వచ్చిందని మిగతావి మరిచిపోయినవాళ్లు నష్టపోతారు.

విమానాన్ని సంస్థ రద్దు చేస్తే పూర్తి డబ్బు గానీ ఇంకో విమానం గానీ మీ ఇష్టం. క్రెడిట్ ఇస్తామంటే ఒప్పుకోవాలన్న నిర్బంధం లేదు. వాతావరణం వల్ల రద్దయితే మాత్రం టికెట్ డబ్బుకు మించి పరిహారం రాదు. తుపాను సమయాల్లో సంస్థలు కొన్ని విమానాశ్రయాలకు, కొన్ని తేదీలకు ఉచిత మార్పు ప్రకటిస్తుంటాయి, అందుకే వాళ్ల పేజీ రోజుకు రెండుసార్లు చూడండి.

బీమా మీద ఆశ పెట్టుకునేవాళ్లకు ఒక మాట. రైలు టికెట్‌తో పైసల్లో కట్టే ఐఆర్‌సీటీసీ బీమా ప్రమాదానికే, ప్రయాణం మానుకున్నందుకు ఏమీ ఇవ్వదు. విడిగా తీసుకునే ట్రావెల్ పాలసీలు కూడా తుపాను వార్త వచ్చాక కొంటే మామూలుగా దానికి వర్తించవు. టికెట్లు కొన్న రోజే తీసుకోవాలి.

8. బయల్దేరితే, లేదా అప్పటికే అక్కడ ఉంటే

మందులు అనుకున్న రోజులకంటే నాలుగు రోజులకు ఎక్కువ పెట్టుకోండి. టవర్లు పడిపోతే ఫోన్‌పే, గూగుల్ పే పనిచేయవు, ఐదారు వేలు చిన్న నోట్లలో ఉంచండి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒకటి, విమానంలో అయితే చేతి సంచిలోనే. టార్చి, ఓఆర్ఎస్, ఆ ప్రాంతం మ్యాప్ ఫోన్‌లో డౌన్‌లోడ్. కారైతే సగం ట్యాంకు దగ్గరే నింపించండి. సచేత్ యాప్ పెట్టుకుంటే మీరున్న జిల్లాకు వచ్చే హెచ్చరిక నేరుగా ఫోన్‌కు వస్తుంది. రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూమ్ 1070, జిల్లాది 1077, అత్యవసరానికి 112.

అక్కడే ఉండగా హెచ్చరిక వస్తే ఇక్కడి లెక్క తిరగబడుతుంది. డబ్బు వాపసు, రద్దు జాబితా అని కూర్చోకూడదు. పసుపు అలర్ట్ స్థాయిలోనే, పగటిపూట, దొరికిన మొదటి బండిలో వెనక్కి రండి. 2019లో ఫణి మే 3న పూరీని తాకింది. పర్యాటకులను ముందే ఊరు వదలమన్నారు, మే 2న ప్రత్యేక రైళ్లు నడిపారు. అలా చెప్పినప్పుడు హోటల్ బిల్లు కట్టేశామని మిగిలిపోకూడదు. గాలి మొదలైపోతే మాత్రం కదలకండి. రోడ్ల మీద రేకులు, హోర్డింగులు, చెట్లు ఎగిరిపడుతుంటాయి. కాంక్రీటు గదిలో, కిటికీకి దూరంగా, గ్రౌండ్ ఫ్లోర్ కాకుండా పైన ఉండండి. ఉన్నట్టుండి గాలి ఆగి ఆకాశం తెరిపిస్తే తుపాను పోయిందనుకోవద్దు, అది తుపాను కన్ను, అంటే నడిమధ్య గాలి లేని చోటు కావచ్చు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే బలంగా వస్తుంది.

9. వాయిదా వేసినవాళ్లు మళ్లీ ఎప్పుడు వెళ్లొచ్చు

తీరం దాటిన మర్నాడు ఎండ వచ్చిందని బయల్దేరకండి. ఎగువన పడిన నీళ్లు కిందికి రావడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది, ఎండలో కూడా రోడ్లు మునుగుతాయి. వాయుగుండం అయితే మూడు రోజులు, తుపాను అయితే కనీసం వారం ఇవ్వండి. బయల్దేరే ముందు మూడు నిర్ధారణలు చేసుకోండి: మీ రైలు వరసగా రెండు రోజులు పూర్తి దూరం నడిచిందా, హోటల్‌లో జనరేటర్ కాకుండా లైన్ కరెంటు వచ్చిందా, ఘాట్ రోడ్డు చిన్న బళ్లకే కాక బస్సులకు కూడా తెరిచారా. బీచ్‌లో దిగడానికి మాత్రం ఇన్‌కాయిస్ అలల హెచ్చరిక ఎత్తేసేదాకా ఆగండి. యారాడ, రుషికొండ లాంటి చోట్ల తుపాను తరవాత ఇసుక గుంటలు మారిపోతాయి. నిరుడు మోకాలి లోతున్న చోటే ఈసారి నీళ్లు లోపలికి లాగేయొచ్చు. లైఫ్‌గార్డు ఏ జెండా దగ్గర నిలబడ్డాడో అడిగి, అక్కడే దిగండి.